బెన్హర్ చెప్పిన సాక్ష్యం

నేను యుద్ధం వార్తలు చూస్తానంటే మా జువ్వలదిన్నెలో నవ్వుతారు. యుద్ధ విలేకరి అంటే నెత్తిన ఇనప టోపీ, ఒంటి మీద తూటాలు ఆపే కోటు ఉండాలి కదా. నాకున్నవి నైటీ, దాని మీద తువ్వాలు. మేడ మీద రేకుల గదిలో ఫ్యాను కింద కూర్చుని, కిందింట్లో ఎండుచేపలు వేగే వాసన పీలుస్తూ, ఎక్కడో గల్ఫ్‌లో పడుతున్న బాంబుల మంచిచెడ్డలు తేలుస్తుంటాను. ఏ బాంబు నిజంగా పడింది, ఏది పాత యుద్ధంలోది, ఏది ఎవడో కంప్యూటర్లో వండి వార్చాడు అన్నది చెప్పడమే నా ఉద్యోగం.

అంతకుముందు చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు బోగోలు మండలం కంట్రిబ్యూటర్‌గా చేశాను. పడవ బోల్తా పడిందంటే రేవుకు పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చినవాళ్ళతో మాట్లాడి, రానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, తడిసిన కాళ్ళతోనే వార్త పంపేదాన్ని. పత్రిక మండలం పేజీలు ఎత్తేసింది, వాటితో పాటు నన్నూ ఎత్తేసింది. హైదరాబాదులో ఒక వెబ్‌సైట్ వాళ్ళు ఇంటి దగ్గర నుంచే పని అంటే, ఇంకేముంది, చేరిపోయాను.

ఈ యుద్ధానికి మా వెబ్‌సైట్ ఒక్క మనిషిని కూడా పంపలేదు. మాకంటే ఎన్నో రెట్లు పెద్దవాళ్ళే పంపలేకపోయారు. ఏ ప్రభుత్వమూ రానివ్వదు. రానిచ్చినా పైన తిరిగే డ్రోన్‌కి విలేకరి ఎవరో, సిపాయి ఎవరో పట్టదు. అందుకని అక్కడ చిక్కుకున్నవాళ్ళ ఫోన్లే విలేకర్లయ్యాయి. వాళ్ళు తీసి లోకం మీదికి వదులుతారు. ఆ గోడ రంగు, ఆ నీడ పొడుగు, వెనకాల కనిపించే మసీదు స్తంభం చూసి, అది ఏ ఊరో, ఏ పూటో ఇక్కడి నుంచి మేం చెబుతాం. నిజమైతే పచ్చముద్ర, అబద్ధమైతే ఎర్రముద్ర. మధ్యలో ఉన్న సముద్రాన్ని ఎవరూ దాటక్కర్లేదు.

మా ఊరి మగవాళ్ళు మాత్రం దాటారు. ఇక్కడ చేప పలచబడ్డాక కొందరు గల్ఫ్‌లో సరుకు ఓడల మీద పనికి కుదిరారు. యుద్ధం మొదలైనప్పటి నుంచి వాళ్ళ ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని నా మేడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. నిలువునా తగలబడే ఓడ, రెండు ముక్కలయ్యే ఓడ, నీళ్ళలో కాళ్ళూ చేతులూ కొట్టుకునే మనుషులు. చాలావరకు వీడియో గేముల్లోవి, లేదా యంత్రం పుట్టించినవి. నేను చూసి "ఫేకమ్మా" అంటే గుండె మీద చెయ్యి వేసుకుని, చల్లగా ఉండక్కా అని దిగిపోయేవాళ్ళు. మా వీధిలో ఫేక్ అన్నది దీవెన మాట అయిపోయింది. అబద్ధం మీద అంత ప్రేమ ఏ ఊళ్ళోనూ ఉండదు.

అబిగయీలు మొగుడు బెన్హర్ కూడా అలాంటి ఒక ఓడ మీదే ఉన్నాడు.

బెన్హర్ సంగతి కొంచెం చెప్పాలి. వల దగ్గర బెన్హర్‌కి నోరు మంచిది కాదు. చేపల వేలం పాటలో ధర తెగకపోతే అవతలివాడి తాతముత్తాతల్ని లేపేవాడు. కానీ మా చర్చిలో దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి పిలిస్తే ఆ మనిషే వేరు. బయట కొళాయి దగ్గర తల తడుపుకుని పాపిడి తీసేవాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. మైకు ముందు నిటారుగా నిలబడి, చేతులు జోడించి, చిరునవ్వు నవ్వి, బైబిల్లో ఉన్న తెలుగు మాట్లాడేవాడు. జ్వరం వచ్చి తగ్గిందన్నా, పడవ మునిగి బతికానన్నా అదే నవ్వు, అదే తెలుగు. మా చర్చిలో అందరూ అంతే, చిన్నప్పుడు సండే స్కూల్లో అలాగే నేర్పారు. దేవుడి ముందు, సంఘం ముందు ఏడుపు ముఖం పెట్టకూడదు. బెన్హర్ ఇంకాస్త ఎక్కువ. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం కూడా. అబిగయీలు అయితే, మైకు పట్టుకుంటే ఈయన నన్ను కూడా సహోదరీ అంటాడక్కా అని మూతి ముడిచేది.

కరోనా కాలంలో మా పాస్టరు కృపాదానం గారు చర్చికి ఒక యూట్యూబ్ చానల్ పెట్టించారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆరాధన, పాటలు, సాక్ష్యాలు అన్నీ అందులోకి ఎక్కుతున్నాయి. బెన్హర్ సాక్ష్యాలూ ఎక్కాయి. ఊళ్ళో లేనివాళ్ళు చూసుకుంటారని అందరం సంతోషపడ్డాం.

బెన్హర్ ఓడ మీద డ్రోన్ పడిన వార్త నాకే ముందు తెలిసింది. ఆ మంటల వీడియోకు పచ్చముద్ర వేసింది నేనే. వేసిన చేత్తోనే అబిగయీలు ఇంటికి నడిచి వెళ్ళి చెప్పాను. సాయంత్రానికి ఓడ కంపెనీ ప్రకటన ఇచ్చింది. సిబ్బందినంతా క్షేమంగా దించేశాం, ఓడ మీద ఎవరూ లేరు అని. అబిగయీలు మోకాళ్ళ మీద కూర్చుని స్తోత్రం చేసింది. కానీ బెన్హర్ ఫోను మోగలేదు. మర్నాడూ మోగలేదు. కంపెనీకి చేస్తే ఎవరో ఇంగ్లీషులో, వివరాలు త్వరలో తెలుపుతాం అని పెట్టేశారు. ఆ త్వరలో రాలేదు.

తర్వాత ఒక పొద్దున అబిగయీలు చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చింది. ఫోను నా ముఖానికి ఆనించినంత పని చేసింది. "ఉండాడక్కా, మనిషి ఉండాడు. చూడు" అంది.

ఉన్నాడు. ఓడ కడ్డీ దగ్గర నిలబడి ఉన్నాడు. తల తడిపి దువ్వి, గుండీలు మెడ దాకా పెట్టుకుని, చేతులు జోడించి, నవ్వు ముఖంతో. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానంటే ఆ మాటలు ఇప్పటికీ నా నోట్లో తిరుగుతుంటాయి.

"ప్రభువు నామమున మీకందరికీ నా వందనములు. నా పేరు బెన్హర్. నేను జువ్వలదిన్నె సంఘస్తుడను. మా ఓడ అగ్ని ప్రమాదమునకు గురియైనది. కెప్టెన్ గారును మరికొందరును పడవలో దిగి వెళ్ళియున్నారు. మేము నలుగురము సజీవులమై యున్నాము. త్రాగునీరు కొద్దిగా ఉన్నది. దయచేసి మా నిమిత్తము ప్రార్థన చేసి, త్వరగా మనుష్యులను పంపవలెనని కోరుచున్నాను. ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక."

బెన్హర్ ఫోను మంటల్లో పోయింది. ఇది తీసింది పక్కనున్న తూత్తుకుడి మనిషి, తన ఫోనుతో. ఎక్కడి నుంచో కొద్దిసేపు సిగ్నల్ అందితే, నంబర్లు వెతికే తీరిక లేక, తన పేజీలోనే పెట్టేశాడు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మా ముందున్నది ఎవరిదో ముక్కూముఖం తెలియని పేజీ, అందులో ఈ ఒక్క వీడియో.

నాకైతే అనుమానమే లేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. కానీ నా మాట ఒక్కటే చాలదని తెలుసు కనక కూర్చుని పని చేశాను. బెన్హర్ భుజం వెనకాల దూరంగా ఒక చమురు బావి కట్టడం కనిపిస్తోంది. పాత ఫొటోల్లో అలాంటివన్నీ వెతికి, దాని క్రేను వంపు బట్టి అది ఏదో పట్టుకున్నాను. నీడ బట్టి పొద్దు, అలల బట్టి గాలి చూశాను. ఓడ ఏ పక్కకు కొట్టుకుపోతుంటుందో మా రేవులో మనుషుల్ని అడిగాను. సముద్రంలో ఫలానా చోట ఉన్నారని చెప్పగలిగేంత దగ్గరికి వచ్చాను. పైనుంచి తీసిన ఉపగ్రహం ఫొటో ఒక్కటి దొరికితే సరిపోయేది. యుద్ధం జరుగుతున్న చోటని ఆ ఫొటోలు అమ్మే కంపెనీలు వాటిని ఆపేశాయి.

ఉన్నదంతా హైదరాబాదుకు పంపాను. మా ఎడిటర్ క్రాంతి కుమార్ చెడ్డవాడేం కాదు. చిన్న వయసు, చురుకైనవాడు, నన్ను అక్కా అంటాడు. కానీ కొద్ది రోజుల ముందే మా డెస్క్ ఒక దెబ్బ తిన్నది. ఓడలో చిక్కుకున్న నావికుడొకడు ఏడుస్తున్న వీడియోను నిజమని చెప్పాం. అది యంత్రం చేసిందని తేలింది. లోకమంతా మమ్మల్ని ఏకిపారేసింది. అప్పటి నుంచి క్రాంతికి ఏది చూసినా భయమే.

అతను ముందు వీడియోను అబద్ధాలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు పెట్టాడు. అది యంత్రం చేసిందే అని గట్టిగా చెప్పింది. ఎందుకు చెప్పదు? తూత్తుకుడి మనిషిది చవక ఫోను. అలాంటి ఫోన్లలో ముఖం నున్నగా, తెల్లగా చూపించే బ్యూటీ మోడ్ ఎప్పుడూ వేసే ఉంటుంది. ఎండకు మాడి, పొగ పట్టిన బెన్హర్ ముఖాన్ని అది పెళ్ళికొడుకు ముఖం చేసి పెట్టింది. ఆ మాటే చెప్పాను. కావచ్చక్కా అన్నాడు. కానీ ఇంకో సంగతి ఉందన్నాడు.

"అక్కా, మీరే ఆలోచించండి. ఓడ తగలబడి, తాగడానికి నీళ్ళు లేని మనిషి తల దువ్వుకుంటాడా? నవ్వుతాడా? నెల్లూరు చేపలాయన ప్రాణం పోతుంటే 'సజీవులమై యున్నాము' అంటాడా? మనకు పేపర్లో ఎవరైనా ఇలా రాసిస్తే కొట్టేసేవాళ్ళం కదా."

నాకు ఒళ్ళు మండింది. మా చర్చిలో సాక్ష్యం అంటే ఏమిటో, బెన్హర్ మైకు ముందు ఎలా ఉంటాడో మొత్తం చెప్పాను. కావాలంటే మా చానల్లో చూసుకో, ప్రతి సాక్ష్యంలోనూ అచ్చం ఇలాగే ఉంటాడు అన్నాను. గెలిచాననుకున్నాను. అతను చూశాడు. చూసి, నెమ్మదిగా మళ్ళీ ఫోను చేశాడు.

"అదే అక్కా నా భయం. ఆయన ముఖం, గొంతు, నిలబడే తీరు, మాట తీరు అన్నీ ఆ చానల్లో గంటలకొద్దీ ఉన్నాయి. ఎవడైనా వాటిని యంత్రానికి పోస్తే బయటికి వచ్చేది సరిగ్గా ఈ వీడియోనే."

నిజం ఎంత నిజంగా ఉంటే అంత అబద్ధంలా కనిపిస్తుందంటే ఇక ఏం చెప్పి నమ్మిస్తాం? అబిగయీలుతో మాట్లాడమన్నాను. మాట్లాడాడు. ఆమె మా ఆయనే సార్ అని ఏడ్చింది. ఇంతకుముందు వేరేవాళ్ళ భార్యలు కూడా ఇలాగే చెప్పారు, పాపం, ఆశ అలాంటిది అన్నాడు నాతో. నేనూ అదే ఊరు, అదే చర్చి కాబట్టి ఈ ఒక్కదాని నుంచి నన్ను పక్కకు తప్పుకోమన్నారు. అది డెస్క్ నియమం. ఆ నియమం రాసినప్పుడు మంచిదే అన్నదాన్ని నేనే. కంపెనీ ఓడలో ఎవరూ లేరని రాతపూర్వకంగా చెప్పింది. సాఫ్ట్‌వేర్ అబద్ధమంది. ఎదురుగా ఉన్నది నైటీ వేసుకున్న నేనూ, ఏడుస్తున్న అబిగయీలూ.

కనీసం ఏ ముద్రా వేయకుండా వదిలెయ్యి క్రాంతీ అని బతిమాలాను. అప్పటికే వీడియో ఊళ్ళు తిరుగుతోందనీ, ఊరుకుంటే మిగతా వెబ్‌సైట్లు ముందు వేస్తాయనీ అన్నాడు. మధ్యాహ్నానికి బెన్హర్ నవ్వు ముఖం మీద ఏటవాలుగా ఎర్రముద్ర పడింది.

ఆ ముద్ర ఒక వెబ్‌సైట్లో ఉండిపోతే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఇప్పటి పద్ధతి అది కాదు. మేం ముద్ర వేస్తే దాన్ని చూసి పెద్ద కంపెనీల యంత్రాలు ఆ వీడియోను తీసేస్తాయి. తీసేశాయి. తూత్తుకుడి మనిషి పేజీయే మూసేశాయి. టీవీవాళ్ళు నావికుల పేరుతో కొత్త మోసం అని ఒక పూట ఊదరగొట్టారు. ఓడ కంపెనీ మా ముద్రను తన ప్రకటన కింద అతికించుకుంది.

నేను, అబిగయీలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఓడలవాళ్ళ క్షేమం చూసే ఆఫీసుకు చేశాం. ఆ చమురు బావి వివరాలు, ఓడ ఉండగలిగిన చోటు అన్నీ ఇచ్చాను. అవతలి ఆయన మర్యాదగానే విన్నాడు. విని, ఆ వీడియో ఫేక్ అని ఒక ఫ్యాక్ట్ చెక్ సంస్థ తేల్చింది కదమ్మా అన్నాడు. ఏ సంస్థ అంటే మా వెబ్‌సైట్ పేరు చెప్పాడు. నేను అక్కడే పని చేస్తానండీ అన్నాను. అయితే మీకు తెలిసే ఉంటుంది అన్నాడు. నా జన్మలో అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు.

చివరికి చర్చిలో కూడా రెండు మాటలైపోయాయి. బెన్హర్ సాక్ష్యాన్ని సైతాను దొంగిలించాడని కొందరన్నారు. కృపాదానం గారు నన్ను పక్కకు పిలిచి, రెజీనమ్మా, మీ సైటే అబద్ధమన్నదంట గదా, మరి ఆ పిల్లకెందుకు ఆశ పెడతావు అని అడిగారు. మంచి మనిషి, దయతోనే అడిగారు. ఆ వీడియో నిజమండీ అని అన్నాను. ఎట్టా తెలుసు అన్నారు. ఆ ప్రశ్నకు బదులు చెప్పడమే నా వృత్తి. చెప్పలేకపోయాను.

రోజులు గడిచాయి. అబిగయీలు పొద్దున్నే వచ్చి నా గది గడప మీద కూర్చునేది. నేను వేరే బాంబులు, వేరే ఇళ్ళు చూస్తూ ముద్రలు వేస్తుంటే చూసేది. మా రేవులో గాలి మారింది. దక్షిణం గాలి తిరిగితే సముద్రం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. అక్కడి గాలి వేరే అక్కా అనేది తనే, నన్ను ఓదార్చడానికి.

తర్వాత వేరే దేశం చేపలవాళ్ళు నీళ్ళలో ఒక మనిషిని పట్టుకున్నారు. బతికే ఉన్నాడు. తూత్తుకుడి మనిషి. ఓడ గాలికి పక్కకు ఒరిగి మునిగింది. మిగతా ముగ్గురిలో ఎవరూ దొరకలేదు.

అతను ఆసుపత్రి నుంచి అబిగయీలుకు ఫోను చేశాడు. ఆమె స్పీకరు పెట్టి నా గదిలోనే విన్నది. సగం తమిళం, సగం తెలుగు. వీడియో పెట్టిన తర్వాత వాళ్ళు చాలా రోజులు బతికే ఉన్నారట. వాన నీళ్ళు పట్టుకుని తాగారట. రోజూ పొద్దున బెన్హర్ ఉప్పునీళ్ళతో తల తడుపుకుని, దువ్వుకుని, గుండీలు పెట్టుకుని కడ్డీ దగ్గర నిలబడేవాడట. వచ్చేవాళ్ళకు మర్యాదగా కనపడాలి గదా అనేవాడట. మిగతావాళ్ళు దిగులుపడితే కోప్పడేవాడట. "మా సంఘమంతా ఈపాటికి చూసుంటారు. మా ఊళ్ళో రెజీనమ్మక్క ఉంది. ఆమె చూసిందంటే చాలు, పేపర్లన్నీ లేస్తాయి" అని చెప్పేవాడట.

అబిగయీలు నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఫోను పెట్టేసి, నేనింటికి పోతానక్కా అని లేచింది.

క్రాంతి కుమార్ ఫోను చేసి చాలాసేపు ఏడ్చాడు. సారీ అక్కా, సారీ అక్కా అని. నాకెందుకయ్యా చెబుతావు అన్నాను. అంతకంటే తిట్టడానికి నోరు రాలేదు. అతను చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది, అదే నన్ను మింగేస్తోంది. ఓడ కంపెనీ మాట అటుంచితే మా వైపు ఎక్కడా ఒక దుర్మార్గుడు దొరకడు, పట్టుకుని నాలుగు పీకడానికి. వెబ్‌సైట్లో ఎర్రముద్ర తీసి, కింద సన్న అక్షరాలతో సవరణ వేశారు. ఆ సవరణను ఎవరూ పంచుకోలేదు. ఎర్రముద్ర ఉన్న బెన్హరే ఫోన్లలో తిరుగుతున్నాడు.

తిరిగినది ఇంకొకటి ఉంది. బతికొచ్చిన మనిషి కథ బయటికి రాగానే ఒక చానల్ వాళ్ళు బెన్హర్ ఆఖరి ఘడియలు అని వీడియో చేశారు. మా చర్చి చానల్లోని ముఖాన్నీ గొంతునీ తీసుకుని యంత్రానికి పోశారు. మొదట్లో ఒక మూల కల్పన అని చిన్న అక్షరాలు ఉండేవి. ఎవరో వాటిని కత్తిరించి వదిలారు. అందులో బెన్హర్ జుట్టు చెదిరి ఉంది, చొక్కా చినిగి ఉంది, ముఖమంతా మసి. ఫోను వైపు వంగి, వెక్కి వెక్కి ఏడుస్తూ, "అబిగయీలూ, నేనింక రానే. ఎవురూ రాలేదే. పిలకాయల్ని బాగా చూసుకో" అంటాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి కనుక్కునే తీరిక కూడా లేదు ఆ వెధవలకు.

జనం దాన్ని నమ్మారు. ప్రాణం పోయేవాడు ఎలా ఉంటాడని జనం అనుకుంటారో అచ్చం అలాగే ఉన్నాడు మరి. లక్షలమంది చూశారు. చూసి ఏడ్చారు. మా డెస్క్‌కు కూడా తేల్చమని వచ్చింది. క్రాంతి నాకు పంపుతూ, ఇది మీరే చూడండక్కా, మీ మాటే ఫైనల్ అన్నాడు. చూడ్డానికేముంది? ఎర్రముద్ర వేశాను. ఈసారి వేసినా ఎక్కడా ఎవరూ దాన్ని తీసెయ్యలేదు. ఏడ్చినవాళ్ళకు ముద్రతో పని లేదు.

ఆదివారం బెన్హర్ ఆదరణ కూడిక పెట్టారు. మాలో మనిషి పోతే మట్టి చేసిన మూడో రోజు ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే కూడిక అది. మట్టి చేయడానికి బెన్హర్ దొరకలేదు కాబట్టి కూడిక ఒక్కటే మిగిలింది. కృపాదానం గారు పాటలు చూపించే ప్రొజెక్టర్ మీద బెన్హర్ ఆఖరి మాటలు వేద్దామన్నారు. నా కంప్యూటర్లో అసలు వీడియో ఉంది, ఏ ముద్రా లేకుండా, తూత్తుకుడి మనిషి పెట్టింది పెట్టినట్టు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ముందుగానే చర్చికి వెళ్ళాను. ఈ ఊళ్ళోనైనా, ఈ ఒక్క పూటైనా ఆ మనిషి నిజంగా చెప్పింది చెప్పినట్టు వినపడాలి. నాకు మిగిలిన పని అదొక్కటే అనిపించింది.

అక్కడ ప్రొజెక్టర్‌కు కలిపిన ఫోనులో చానల్ వాళ్ళ వీడియో పెట్టి ఉంది. పాస్టరు గారితో అది అబద్ధమనీ, అసలుది నేను తెచ్చాననీ చెప్పాను. ఆయన ఇబ్బందిగా ముఖం పెట్టి, అమ్మాయి ఇదే అడిగిందమ్మా అన్నారు.

అబిగయీలు ముందు చాప మీద తెల్లచీరలో కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అది బెన్హర్ కాదమ్మా అన్నాను.

"నాకు తెలవదా అక్కా. ఆయన నన్ను ఏనాడన్నా పేరు పెట్టి పిలిచినాడా?"

మరి అసలుది వేయిస్తాను, తెచ్చాను అని పెన్‌డ్రైవ్ చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ముడిచి, దాన్ని నా గుప్పిట్లోనే మూసేసింది.

"అది వద్దక్కా. దాంట్లో ఆయన మనల్ని నమ్మి మాట్లాడుండాడు. ఆ నవ్వు నేను చూడలేను. ఇదే ఎయ్యనీ. దీంట్లో అయితే ఎవురూ రారని ఆయనకు ముందే తెలుసు."

లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాను. పాట పాడారు, వాక్యం చదివారు. కిటికీల తలుపులు మూసి తెర మీద వీడియో వేశారు. మసి పట్టిన ముఖం, చెదిరిన జుట్టు. ఎవరూ రాలేదే అని ఆ గొంతు ఏడ్చింది. చర్చి మొత్తం గొల్లుమంది. అబిగయీలు తల పైకెత్తి, కళ్ళార్పకుండా, ఆ ఎవరో మనిషిని చూస్తూ కూర్చుంది.

నా ఉద్యోగం ప్రకారం తెర మీద ఉన్నది అబద్ధం. గుప్పిట్లో పెన్‌డ్రైవ్ గుచ్చుకుంటుంటే అందరితో పాటు నేనూ దాన్ని చూసే ఏడ్చాను.